చైనా రంగస్థలం మీద ఆడవేషం కట్టిన మగనటుల బతుకు నిజంగా ఎలా ఉండేది?

చిన్నతనం నుంచి ఆడవేషాలే వేయించడం వల్ల చివరికి తానే ఆడదాన్నన్న భ్రమలో పడిన ఒక చైనా నటుడి కథను సినిమాలో చూశాననీ, ఆ నటులందరి బతుకులూ నిజంగా అలాగే ఉండేవా అనీ మీరు అడిగారు. నేను రంగస్థల చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాడిని. ఆ చదువు కోసమే బీజింగ్‌లో రెండేళ్లు ఉండి, ఈ వేషం నేర్పే ఒక పెద్దాయన మేకప్ గది గుమ్మం దగ్గర ఎన్నో సాయంత్రాలు గడిపాను. నేను చదివినదాన్నీ చూసినదాన్నీ బట్టి చెబుతున్నాను: వాళ్ళలో పేరున్నవాళ్ళకు స్త్రీపాత్ర ఒక వృత్తి, ఏడెనిమిదేళ్ల వయసులో పెద్దవాళ్ళు చేతిలో పెట్టిన పనిముట్టు. వాళ్ళ బతుకును నలిపింది ఆ పనిముట్టు అనుకోవడం పొరపాటు. గురువులతో కుదిరిన ఒప్పందాలు, డబ్బున్న పోషకులు, యుద్ధాలు, ప్రభుత్వాలు వాళ్ళను అంతకంటే ఎక్కువగా నలిపాయి.

జింగ్‌జ్యూ అని చైనావాళ్ళు పిలిచే బీజింగ్ ఓపెరాలో పాత్రలన్నీ నాలుగు తెగలు. మగపాత్రలు షెంగ్, ఆడపాత్రలు దాన్, ముఖమంతా రంగులు దిద్దుకునే ఉద్ధత పాత్రలు జింగ్, హాస్యగాడు చౌ. దాన్ పాత్రను మగవాడు వేస్తే అతన్ని నాన్‌దాన్ అంటారు. ఆ దాన్‌లోనూ మళ్ళీ శాఖలున్నాయి. కష్టాలను ఓర్చుకునే గంభీరమైన ఇల్లాలు చింగ్‌యీ, చలాకీ పిల్ల హ్వాదాన్, కత్తి పట్టి గుర్రమెక్కే వీరవనిత దావ్‌మాదాన్, ముసలమ్మ లావ్‌దాన్. చింగ్ వంశపు పాలకులు 18వ శతాబ్దంలో రాజధాని వేదికల మీద ఆడవాళ్ళు కనిపించకూడదని కట్టడి చేశారు. 1790లో చియెన్‌లుంగ్ చక్రవర్తి ఎనభయ్యో పుట్టినరోజుకని అన్‌హ్వే ప్రాంతపు నాటక సమాజాలు బీజింగ్‌కు వచ్చి అక్కడే స్థిరపడ్డాయి. తర్వాతి శతాబ్దంలో వాటిలోంచే జింగ్‌జ్యూ రూపు కట్టింది కనుక, పుట్టుకతోనే అది మగవాళ్ళ కళ అయింది. స్థానం నరసింహారావు రోషనారనూ, వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామనూ తలచుకునే తెలుగువాళ్ళకు మగవాడు స్త్రీవేషం కట్టడంలో వింతేమీ కనిపించదు. మనం ఆగి చూడవలసింది ఆ పిల్లల్ని ఆ పనిలోకి తెచ్చిన తీరు.

చెంగ్ యాన్‌చ్యూ సంగతి చూడండి. 1904లో బీజింగ్‌లో ఒక మంచూ కుటుంబంలో పుట్టాడు. తండ్రి చనిపోయి ఇల్లు గడవడమే గగనమైనప్పుడు, ఆరేళ్ల పిల్లవాణ్ణి తల్లి ఒక దాన్ నటుడికి శిష్యుడిగా అప్పగించింది. అప్పట్లో ఇలాంటి అప్పగింతకు రాతపూర్వకమైన ఒప్పందం ఉండేది. ఇన్నేళ్లపాటు పిల్లవాడి సంపాదన గురువుది, మధ్యలో వాడు పారిపోయినా చచ్చిపోయినా అది దైవనిర్ణయం, గురువుకు బాధ్యత లేదు. పాట నేర్పడానికి ముందు ఇల్లు ఊడవడం, నీళ్ళు మోయడం, దెబ్బలు తినడం ఉండేవి. చెంగ్‌కు పదమూడో ఏట గొంతు పగిలింది. చైనా నటులు ఈ దశను ‘గాదె కూలడం’ అంటారు. ఏడాదంతా తినవలసిన ధాన్యం ఒక్కసారిగా నేలపాలైనట్టని దాని భావం. అంతకంటే సరైన మాట ఆ దురవస్థకు దొరకదు. ఆ దశలో గొంతుకు విశ్రాంతి ఇవ్వాలని ప్రతి గురువుకూ తెలుసు. అయినా షాంహై నుంచి మంచి బేరం వచ్చేసరికి ఆ గురువు పిల్లవాణ్ణి పంపడానికే సిద్ధపడ్డాడు. ల్వో యింగ్‌గుంగ్ అనే కవి పండితుడు అడ్డుపడి, 700 వెండి డాలర్లు చెల్లించి 1917లో అతన్ని విడిపించాడు. ఆ పిల్లవాడి చదువుకూ సంగీతానికీ గురువులను కుదిర్చింది కూడా ఆయనే.

విడుదలైన తర్వాత చెంగ్‌కు తిరిగి వచ్చిన గొంతు, పోయిన గొంతు కాదు. లోపలికి మూసుకుపోయినట్టు, తల వెనక నుంచి వస్తున్నట్టు ఉండే ఆ ధ్వనిని జనం ‘దెయ్యపు గొంతు’ అన్నారు. ఈ స్వరంతో దాన్ పాత్రకు పనికిరాడని చాలామంది తేల్చేశారు. తానూ గొంతు పోగొట్టుకుని నేర్పడానికే అంకితమైన వాంగ్ యావ్‌చింగ్ మాత్రం ఆ లోపానికి తగ్గట్టుగానే కొత్త గానశైలిని అల్లాడు. స్వరం సన్నని దారంలా సాగి, తెగిపోతుందనుకున్న చోట తెగకుండా మళ్ళీ పైకి లేస్తుంది. అణచుకున్న దుఃఖాన్ని పాడడానికి దానికి మించిన గొంతు లేదని ఈనాటికీ అక్కడి రసికులు అంటారు. వయసొచ్చేసరికి చెంగ్ బాగా పొడవరి, పైగా స్థూలకాయుడూ అయ్యాడు. వేదిక మీద ఉన్నంతసేపూ పొడుగాటి పావడా లోపల మోకాళ్ళు వంచి నడిచేవాడు. చూసేవాళ్ళకు తెలిసేది కాదు. గంటలకొద్దీ మోకాళ్ళు వంచి, ముఖంలో శ్రమ కనపడనీయకుండా పాడడం ఎంత కష్టమో ఒక్క ఐదు నిమిషాలు నడిచి చూస్తే అర్థమవుతుంది. ఇంత సాధించినవాడు తన పిల్లలెవరినీ ఈ వృత్తిలోకి రానివ్వలేదు.

చింగ్ పాలనలో నటులు నీచకులాల లెక్కలోకి వచ్చేవారు. వాళ్ళకూ, వాళ్ళ తర్వాతి మూడు తరాలకూ రాజోద్యోగ పరీక్షలు రాసే అర్హత లేదు. అందాల దాన్ పిల్లలను డబ్బున్నవాళ్ళ విందులకు పంపి, మద్యం పోయించి, కబుర్లు చెప్పించి సొమ్ము చేసుకునే ప్రైవేటు గృహాలుండేవి. ఆ పిల్లలను షియాంగ్‌గుంగ్‌లు అనేవాళ్ళు. నాటక ప్రపంచంలోని పెద్దలే పూనుకుని పట్టుబట్టగా 1912లో ఆ గృహాలను నిషేధించారు. మీరు చూసిన సినిమాలోని నీడలకు మూలం చాలావరకు ఇక్కడుంది. దాన్ని వేషం మహిమగా చూడడం వల్ల, ఆ పిల్లలను అమ్మి కొన్నవాళ్ళు తప్పించుకుంటారు.

ఇక మెయ్ లాన్‌ఫాంగ్. దాన్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే పేరు ఆయనది. 1894 అక్టోబర్ 22న బీజింగ్‌లో నటుల వంశంలో పుట్టాడు. తాత మెయ్ చావ్‌లింగ్ తన కాలపు మేటి దాన్ నటుడు, ఒక పెద్ద సమాజానికి అధిపతి. తండ్రి పసితనంలోనే పోయాడు. పద్నాలుగో ఏట తల్లి కూడా పోయింది. జింగ్‌హు అనే చిన్న తంత్రీవాద్యం వాయించే పెదనాన్న పెంచాడు. మొదట పాఠం చెప్పడానికి వచ్చిన గురువు నాలుగు పంక్తులు కూడా పట్టలేని పిల్లవాణ్ణి చూసి విసిగిపోయి, ‘ఈ వృత్తి దేవుడు నీ నుదుట అన్నం రాయలేదు’ అని లేచి వెళ్ళిపోయాడు. ముఖంలో కళ లేదు, కనురెప్పలు వాలిపోయి ఉండేవి, చూపు కూడా కొంచెం మందం. ఏళ్ల తర్వాత అదే గురువు ఎదురుపడి సిగ్గుపడితే, మీరు ఆనాడు తిట్టకపోతే నేను ఇంత కష్టపడేవాణ్ణి కాదని మెయ్ ఆయన్ని ఊరడించాడు.

తర్వాత వచ్చిన గురువు వూ లింగ్‌షియెన్. ఒకప్పుడు ఆయన ఇబ్బందుల్లో ఉన్నప్పుడు, మెయ్ తాత ఎదురుపడి ‘ఇదిగో, వక్క నములు’ అంటూ ఒక చిన్న కాగితపు పొట్లం విసిరాడట. విప్పి చూస్తే లోపల డబ్బు. నలుగురిలో దానం చేసి చిన్నబుచ్చకుండా అలా ఇచ్చాడన్నమాట. ఆ ఋణం తీర్చుకోవడానికే వూ ఆ మనవడికి ప్రాణం పెట్టి నేర్పాడు. బల్ల మీద పది నాణేలు పేర్చేవాడు. ఒక పాట మొత్తం పాడితే ఒక నాణెం పక్కనున్న పళ్ళెంలోకి వెళ్ళేది. పదీ అటు చేరాక మళ్ళీ ఇటు తెచ్చి పేర్చేవాడు. ఒక్కో పాట ఇరవై ముప్పై సార్లు. పిల్లవాడు కునికితే మెల్లగా తట్టి లేపేవాడే గానీ, చేతిలో బెత్తం ఉన్నా కొట్టలేదు. అందరు గురువులూ కర్కోటకులు కారని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను. పదేళ్లకు, 1904లో, మెయ్ మొదటిసారి వేదికెక్కింది నేత కన్య పాత్రలో.

వాలిన కనురెప్పల సంగతి ఎలా తీరిందో విన్నాక నేను ఆ నటుణ్ణి చూసే చూపే మారిపోయింది. పదిహేడేళ్ల వయసులో సరదాకి కొన్ని పావురాలను పెంచాడు. క్రమంగా అవి నూటయాభై జతలయ్యాయి. తెల్లవారుజామున ఐదారు గంటలకు లేచి, పొడవైన వెదురుగడకు గుడ్డ కట్టి ఊపేవాడు. ఎర్రగుడ్డ ఊపితే ఎగరాలి, ఆకుపచ్చ గుడ్డ ఊపితే దిగాలి. మబ్బుల్లో చుక్కల్లా కనిపించే గుంపులో తనవి ఏవో, ఇతరులవి ఏవో పోల్చుకోవాలంటే కన్ను ఆ చుక్క వెంటే తిరగాలి. అలా ఏళ్ల తరబడి తిరిగిన కన్నుకు పదును వచ్చింది. గడ ఊపిన భుజాలకు బలం వచ్చింది. ఆ బలమే తర్వాత మహారాణి వేషంలో మోయవలసిన బరువైన దుస్తులకు ఆసరా అయిందని ఆయనే చెప్పుకున్నాడు.

కాళ్ళ సాధన ఇంకా కఠినం. కట్టిన చిన్న పాదాల నడకను అనుకరించడానికి దాన్ నటులు చెక్కతో చేసిన బుల్లి పాదుకలను కాలివేళ్ళ కింద కట్టుకునేవాళ్ళు. పొడుగాటి బల్ల మీద ఒక ఇటుక పెట్టి, ఈ చెక్క పాదాలతో దాని మీద నిలబడాలి. ఒక అగరువత్తి వెలిగి ఆరిపోయేదాకా దిగకూడదు. చలికాలంలో పెరట్లో నీళ్ళు పోసి గడ్డకట్టించి, ఆ మంచు మీద అవే పాదుకలతో పరుగెత్తాలి. మంచు మీద పడకుండా తిరిగినవాడికి మామూలు నేల పూలబాట. పెద్దయ్యాక మెయ్ వేదిక మీద ఆ చెక్క పాదాలు వాడలేదు. అరవై ఏళ్ల వయసులోనూ వంగి లేచే ఘట్టాలు చేయగలుగుతున్నానంటే ఆ ఇటుక చలవేనని మాత్రం మరిచిపోలేదు.

ఆహార్యం గురించి ఒక అనుభవం చెబుతాను. నేను చెప్పిన పెద్దాయన ఒక సాయంత్రం నా కుతూహలం చూసి, కూర్చోమని చెప్పి నా తలకు పట్టీ కట్టాడు. తడిపిన నల్లటి పట్టీని కణతల మీదుగా బిగించి, కనుకొలుకులను పైకి లాగి కట్టేస్తారు. దాంతో కళ్ళు కోలగా, నిశితంగా కనిపిస్తాయి. ఆ పైన చెట్టు చెక్క తురుమును నానబెట్టి తీసిన జిగురుతో జుట్టు పాయలను నుదుటికీ చెంపలకూ అంటిస్తారు. వెడల్పాటి మగ దవడ వాటి వెనక దాగి కోలముఖం తయారవుతుంది. పట్టీ ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. పది నిమిషాలయ్యేసరికి నా చెవుల్లో హోరు మొదలైంది, పావుగంటకు కడుపులో తిప్పింది. ఆయన నవ్వి విప్పేశాడు. కొత్తగా నేర్చుకునే పిల్లలు వేదిక దిగీ దిగగానే వాంతి చేసుకోవడం మామూలేనని చెప్పాడు. ఆ పట్టీతో మూడు గంటలు, మన సంగీతం పంతుళ్ళు దొంగగొంతు అని కసిరే ఆ సన్నని గొంతునే అసలు గొంతుగా సాధించి, తంత్రీవాద్యంతో సమానంగా పాడాలి. ఒళ్ళు ఇంతగా నొక్కుకుపోతున్నప్పుడు నేను ఎవరినన్న సంగతి ఎవరూ మరిచిపోలేరని నాకు ఆ కుర్చీలో అర్థమైంది.

మెయ్ గొప్పతనం అనుకరణలో లేదు, ఆలోచనలో ఉంది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఇల్లు చేరిన భర్త గుమ్మం బయట తన కథ పాడుతుంటే, లోపలి భార్య వీపు తిప్పి కదలకుండా కూర్చోవడం ఒక పాత నాటకంలో ఆనవాయితీ. చీ రూషాన్ అనే పండితుడు అది చూసి, ఆ పాటలో ఒక్కొక్క మాటా ఆమెను తాకుతుంటే ఆమె ఎలా ఊరుకుంటుందని ఆ భార్య వేషం వేసిన యువనటుడు మెయ్‌కు పెద్ద ఉత్తరం రాశాడు. మళ్ళీ ఆ నాటకం ఆడిన రోజున, ఉత్తరంలోని సూచనలన్నీ వేదిక మీద కనిపించాయి. అక్కడ మొదలైన వాళ్ళ స్నేహం నుంచే కొత్త నాటకాలు ఎన్నో పుట్టాయి. గంభీరమైన చింగ్‌యీ గానాన్నీ, హ్వాదాన్ చలాకీతనాన్నీ, వీరవనిత కదలికలనూ కలిపి ఒకే స్త్రీని నిలబెట్టే పద్ధతిని వాంగ్ యావ్‌చింగ్ మొదలుపెడితే మెయ్ పండించాడు. తప్పతాగిన మహారాణి యాంగ్ గ్వేఫే నాటకంలో నేల దాకా మెలికపడి కూర్చునే ఒక కష్టమైన విన్యాసం ఉంది. అది చూపరులను అబ్బురపరచడానికే తప్ప దానికో అర్థం ఉండేది కాదు. హాంకాంగ్‌లో ఉన్న రోజుల్లో ఒకసారి తోటలో పువ్వు వాసన చూడడానికి వంగినప్పుడు, ఆ భంగిమా ఈ భంగిమా ఒకటేనని ఆయనకు తట్టింది. అప్పటి నుంచి మహారాణి కళ్ళతో ముందు పువ్వును చూసి, తర్వాత దాని వాసన కోసం వంగుతుంది. విన్యాసం అదే, ఇప్పుడు అందులో మనిషి ఉంది.

వేదిక దిగాక ఆయన సూటు వేసుకున్న గృహస్థు. పెళ్ళిళ్ళు చేసుకున్నాడు, పిల్లలను కన్నాడు, చీ బైషీ దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నాడు. మగపాత్రలు వేసే ప్రసిద్ధ నటి మెంగ్ షావ్‌దుంగ్‌తో కొన్నేళ్లు కాపురం చేశాడు. ఆడవాళ్ళు తిరిగి వేదికెక్కిన ఆ కాలంలో వేషాలు రెండు వైపులా నడిచాయని ఆ జంట ఒక్కటే చెబుతుంది. 1919లో, 1924లో జపాన్ వెళ్ళాడు. 1930లో న్యూయార్క్‌లో రెండు వారాలకని మొదలుపెట్టిన ప్రదర్శనలు ఐదు వారాలు సాగాయి. 1935లో మాస్కోలో ఆయన్ని చూసిన జర్మన్ నాటకకర్త బ్రెష్ట్, నటుడు పాత్రలో కరిగిపోకుండా దాన్ని ఎదుట నిలిపి చూపించే పద్ధతి గురించి తన ప్రసిద్ధ సిద్ధాంత వ్యాసం రాశాడు. మీ ప్రశ్నకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు. మన దేశంతోనూ ఒక ముడి ఉంది. 1924 మే నెలలో బీజింగ్‌లో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్, మెయ్ ల్వో నదీదేవతగా నటించిన నాటకం చూసి, ఒక విసనకర్ర మీద బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ కవిత రాసి ఇచ్చాడు.

జపాన్ సేనలు ఆక్రమించిన కాలంలో ఆయన బతుకు కష్టతరమైంది. 1938లో హాంకాంగ్ వెళ్ళాడు. 1941 డిసెంబరులో అదీ పడిపోయాక, నున్నగా ఉండవలసిన దాన్ ముఖం మీద మీసం పెంచాడు. ఆడమని ఎవరైనా అడిగితే మీసమే జవాబు. షాంహైకి తిరిగొచ్చాక బలవంతం పెరిగినప్పుడు, టైఫాయిడ్ టీకాలు వేయించుకుని తీవ్రమైన జ్వరం తెచ్చుకున్నాడు. బొమ్మలు గీసి, సామాను అమ్ముకుని ఇల్లు నడిపాడు. 1945లో యుద్ధం ముగిశాక మీసం తీసి వేదికెక్కబోతే, ఏళ్లుగా వాడని గొంతు జింగ్‌జ్యూ శ్రుతికి అందలేదు. అంతకంటే తక్కువ శ్రుతిలో పాడే కున్‌చ్యూ అనే మరో పాత నాటకరీతితో మొదలుపెట్టవలసి వచ్చింది. చెంగ్ కూడా లొంగలేదు. 1942లో బీజింగ్ రైల్వే స్టేషన్‌లో ఆక్రమణదారుల కొలువులోని పోలీసులు చెయ్యి చేసుకుంటే ఎదురుతిరిగాడు. తర్వాత వేదిక వదిలి నగరం బయట పొలం చేసుకున్నాడు. సుకుమారుల వేషాలు వేసినవాళ్ళ తెగువ ఇది.

1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చిన తర్వాత మెయ్‌కు పదవులూ గౌరవాలూ దక్కాయి గానీ, ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలన్నది ప్రభుత్వ ధోరణి అయింది. సర్కారీ బడుల్లో మగపిల్లలకు దాన్ నేర్పడం ఆగిపోయింది. వేదిక ఆడవాళ్ళకు దక్కడం న్యాయమే, అందులో నాకు సందేహం లేదు. మగగొంతు కోసం, మగ ఒంటి కోసం వందేళ్లపాటు కూర్చిన పద్ధతులు నేర్చుకునేవాళ్ళు లేక ఎండిపోవడం మాత్రం నాకు బాధే. చెంగ్ 1958లో, మెయ్ 1961 ఆగస్టు 8న పోయారు. వాళ్ళిద్దరితో కలిపి ‘నలుగురు మహా దాన్’లని పేరుపడినవాళ్ళలో మిగిలిన ఇద్దరూ సాంస్కృతిక విప్లవం దెబ్బ తిన్నారు. షున్ హ్వేషెంగ్ ఆ హింసల్లోనే 1968లో, షాంగ్ షావ్‌యున్ 1976లో పోయారు. మెయ్ చిన్నకొడుకు మెయ్ బావ్‌జ్యూ కూడా దాన్ నటుడే. 1960ల నడుమ నుంచి పద్నాలుగేళ్లు వేషం కట్టే వీలు లేక సౌండు పరికరాల పని చూసుకున్నాడు. తర్వాత తిరిగొచ్చి, 2016లో చనిపోయేదాకా నేర్పాడు. ఆయన శిష్యుల్లో హూ వెన్‌గా అనే మగ దాన్ కూడా ఉన్నాడు.

సినిమా చూశారు కనుక, ఇప్పుడు అసలు నటుణ్ణే చూడండి. 1955లో మెయ్ నాటక ఘట్టాలను రంగుల్లో చిత్రీకరించారు. వాటిలో ‘యూజోఫెంగ్’ ఘట్టంతో మొదలుపెట్టమని చెబుతాను. చక్రవర్తికి భార్యగా వెళ్ళడం ఇష్టంలేని మంత్రి కూతురు పిచ్చి నటిస్తుంది. తండ్రి గడ్డం వెంట్రుకలు పీకుతుంది, ఆయన్నే మొగుడని పిలుస్తుంది. అరవై ఏళ్ల పురుషుడు యువతిగా, ఆ యువతి పిచ్చిదానిగా నటిస్తుంటే, పక్కనున్న దాసి సైగ చేసిన క్షణంలో ఆ కళ్ళలో భయం, అసహ్యం, తెలివి ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతాయి. అంగీ చేతుల చివర వేలాడే గుడ్డ, ఆ తెల్లని పొడుగు చేతికొసలు గాలిలోకి లేచినప్పుడు వాటిని కాకుండా కళ్ళను గమనించండి. చేతికొస ఎంత దూరం వెళ్తే చూపు అంత దూరం వెళ్ళి, దానితోపాటే మెల్లగా కిందికి దిగుతుంది.